పాల్కురికి సోమనాథుడు – ఆయన నేర్పిన కావ్యరూపాలు

ప్రతి సంవత్సరం తెలుగు తరగతులు మొదలైన వారం పది దినాలకే మాకొక ప్రశ్న ఎదురవుతుంది. నల్లబల్లపై గురు లఘువుల గుర్తులు పెట్టి, గణాలు విడదీసి, యతిప్రాసలు చూపుతుండగా వెనుక వరుస నుండి ఎవరో ఒక విద్యార్థి లేచి, ఇవన్నీ నేర్చుకొని మేమేమి చేయాలి సార్ అని అడుగుతాడు. పదవ తరగతి దాకా ఉర్దూ మాధ్యమంలో చదివి వచ్చిన పిల్లలైతే ఆ మాట అడగను కూడా అడగరు. ద్విపద, సీసము, రగడ, ఉదాహరణము అనే మాటలు తమవి కావని, అవి ఎవరో పండితుల ఇంటి సొత్తని ముందుగానే నిశ్చయించుకొని తలవంచుకొని కూర్చుంటారు. మేము చదువుకునే రోజులలో మేమూ అట్లాగే కూర్చున్నాము. సాయిబుల పిల్లవానికి పద్యమెందుకని ఒక పెద్దమనిషి నవ్విన నవ్వు ఇప్పటికీ మా చెవులలో ఉన్నది.

ఈ ప్రశ్నకు లక్షణ గ్రంథాలలో జవాబు దొరకదు. ఏ పద్యానికి ఎన్ని గణాలో అవి చెబుతాయి గాని, ఆ పద్యం ఎందుకు పుట్టిందో, ఎవరి కోసం పుట్టిందో చెప్పవు. అది తెలియాలంటే ఒక కవి జీవితాన్ని చూడాలి. మన హుజూరాబాదు నుండి వరంగల్లు మీదుగా పోతే అందే పాలకుర్తి గ్రామం ఆ కవిది. నేడది జనగామ జిల్లాలో ఉన్నది. భాగవత కర్త పోతన పేరుతో ముడిపడిన బమ్మెర కూడ ఆ మండలంలోనిదే. ఆ గడ్డపై పోతనకు ముందు తరాలలో పుట్టి, తెలుగు కవిత్వానికి కొత్త దారి వేసిన పాల్కురికి సోమనాథుని గురించి ఈ వ్యాసంలో ముచ్చటించదలచాము. సాహిత్య పారిభాషిక పదాలను బట్టీ పట్టకుండానే తెలుసుకోవడానికి ఆయన జీవితం కంటె మంచి పాఠం మాకు కనిపించలేదు.

సోమనాథుని కాలం గురించి పండితులలో భేదాభిప్రాయాలున్నవి. ఆయన 12వ శతాబ్ది ఉత్తరార్ధంలో పుట్టి 13వ శతాబ్ది పూర్వార్ధంలో జీవించాడని కొందరంటారు. 1289 నుండి 1323 వరకు ఏలిన కాకతీయ ప్రతాపరుద్రుని కాలం వాడని మరికొందరంటారు. ఏది ఏమైనా ఓరుగల్లు రాజధానిగా కాకతీయులు వర్ధిల్లిన కాలమది. తల్లి శ్రియాదేవి, తండ్రి విష్ణురామిదేవుడు అని కవియే చెప్పుకున్నాడు. సంస్కృతము, తెలుగు, కన్నడము మూడింటిలోను ఆయనకు గొప్ప ప్రవేశమున్నది. వేదశాస్త్రాలు చదివినవాడు. సంస్కృతంలో భాష్యం రాసినవాడు. అనగా కఠినంగా రాయడం చేతగాక సులభంగా రాసినవాడు కాడు. ఈ సంగతి విద్యార్థులు మొదటనే గుర్తుపెట్టుకోవాలి.

ఆయన పుట్టేనాటికి పొరుగునున్న కన్నడ దేశంలో పెద్ద కదలిక వచ్చింది. 12వ శతాబ్దిలో కల్యాణ నగరంలో బిజ్జలుని కొలువులో మంత్రిగా ఉన్న బసవేశ్వరుడు కులభేదాన్ని కాదని, శివభక్తులందరు సమానులని చాటాడు. ఆయన, ఆయన అనుచరులు తమ అనుభవాలను జనం మాటలలో చిన్న చిన్న గద్యఖండాలుగా చెప్పారు. వాటికే వచనాలని పేరు. చాకలి, చర్మకారుడు, పడవవాడు, ఇల్లాలు, అందరూ వచనాలు చెప్పారు. ఈ ఉద్యమం తెలుగు దేశానికి వచ్చినప్పుడు దానికి కావ్యరూపమిచ్చే బాధ్యత సోమనాథుని మీద పడింది. అప్పుడాయన ముందు రెండు దారులున్నవి.

మొదటిది మార్గము, రెండవది దేశి. సంస్కృత కావ్యాల బాటను అనుసరించేది మార్గ కవిత. ఈ నేలపై పుట్టిన పాటలు, ఛందస్సులు, పలుకుబడి ఆధారంగా నడిచేది దేశి కవిత. 11వ శతాబ్దిలో నన్నయ మహాభారతాన్ని తెనిగించినప్పుడు చంపూ పద్ధతిని పాటించాడు. పద్యము, గద్యము కలిసి నడిచేది చంపువు. అందులో ఉత్పలమాల, చంపకమాల, శార్దూలము, మత్తేభము వంటి సంస్కృత వృత్తాలూ ఉంటాయి, కందము, సీసము, ఆటవెలది వంటి జాతి, ఉపజాతి పద్యాలూ ఉంటాయి. రాజసభలో పౌరాణికుడు చదివి అర్థం చెబుతుంటే విని ఆనందించడానికి అది చక్కని రూపం. ఆ గౌరవాన్ని మేము తగ్గించి చెప్పడం లేదు. కాని అర్థం చెప్పేవాడు పక్కన లేని చాకలికి, గొల్లకు, దేవాలయ ప్రాంగణంలో కూర్చున్న ముసలి అవ్వకు ఆ రూపం ఎంత వరకు అందుతుంది?

సోమనాథుడు వేసుకున్న ప్రశ్న ఇదే. బరువైన గద్యపద్యాల కంటె జాను తెనుగు అందరికీ సామాన్యమైనది గనుక ద్విపదలలో రచిస్తానని ఆయన బసవపురాణంలో చెప్పుకున్నాడు. జాను తెనుగు అంటే అచ్చమైన, సరసమైన, జనులందరికీ తెలిసే తెలుగు. ఇవి తెలుగు మాటలే గదా అని తక్కువ చూపు చూడవద్దని, వీటిని వేదాలతో సమానంగా ఎంచాలని కూడ ఆయన కోరాడు. వేదం చదివినవాడు ఆ మాట అనడం ఆ రోజులలో చిన్న సాహసం కాదు.

ఇక ద్విపద అంటే ఏమిటో చూద్దాము. పేరులోనే ఉన్నట్లు దానికి రెండు పాదాలు. ప్రతి పాదంలో మూడు ఇంద్రగణాలు, చివర ఒక సూర్యగణము ఉంటాయి. నగ, సల, నల, భ, ర, త అనే ఆరు ఇంద్రగణాలు. న, హ అనే రెండు సూర్యగణాలు. హ గణాన్నే గలమని కూడ అంటారు. పాదం మొదటి అక్షరానికి, మూడవ గణం మొదటి అక్షరానికి పొత్తు కుదరాలి. దీనిని యతి లేక వడి అంటారు. రెండు పాదాలలోను రెండవ అక్షరం ఒకే హల్లు కావాలి. అది ప్రాస. ఆ ప్రాసను పాటించకుండా రాసిన ద్విపదకు మంజరి అని పేరు. ఉదాహరణ కోసం మేమే రెండు పాదాలు కూర్చి చూపుతున్నాము. ఇందులో కవిత్వాన్ని వెదకవద్దని, కొలతను మాత్రమే చూడమని మనవి.

మనపల్లె – వీధుల – మాటాడు – భాష
వినిపాడు – వారికే – విరియును – కవిత

మొదటి పాదంలో వరుసగా సల, భ, త, చివర గలము. రెండవ పాదంలో సల, ర, నల, చివర న గణము. మొదటి పాదంలో మకారానికి మాకారం, రెండవ పాదంలో వికారానికి వికారం యతి కుదిరింది. రెండు పాదాలలోను రెండవ అక్షరం నకారం గనుక ప్రాస కుదిరింది. ఇంతే. దీనిని రెండు మూడుసార్లు గొంతెత్తి చదవండి. అడుగులు వేసినట్లు నడక తెలుస్తుంది. ఒక జత తరువాత మరొక జతగా ఎంత దూరమైనా సాగిపోవచ్చు. కథ ఎక్కడా ఆగదు. తంబుర చేత పట్టి ఒకరు పాడితే పదిమంది వంత పాడవచ్చు. అక్షరం రానివాడు కూడ విని గుర్తుపెట్టుకోవచ్చు. సోమనాథుడు ద్విపదను ఎన్నుకోవడానికి ఈ గుణాలే కారణం.

ఉర్దూ చదివిన విద్యార్థులకు ఈ సంగతి మరింత సులభంగా బోధపడాలి. ఉర్దూ ఫార్సీ భాషలలో సుదీర్ఘమైన కథ చెప్పడానికి కవులు మస్నవీని ఎన్నుకున్నారు. మస్నవీలో ప్రతి జతకు దాని కాఫియా దానికే. ఒక షేరులోని రెండు మిస్రాలు తమలో తాము కలుస్తాయి, తరువాతి షేరు మరొక కాఫియాతో మొదలవుతుంది. ఫిర్దౌసీ షాహ్‌నామా, మౌలానా రూమీ మస్నవీ ఈ రూపంలోనివే. మన గోలకొండలో ముల్లా వజ్హీ 1609లో రచించిన కుతుబ్ ముష్తరీ కూడ దక్కనీ మస్నవీయే. ద్విపదలోను ప్రతి జతకు దాని ప్రాస దానికే. రెండింటి పుట్టుక వేరు, కొలతలు వేరు. కాఫియా పాదం చివర వైపు ఉంటుంది, తెలుగు ప్రాస పాదం మొదట్లోనే రెండవ అక్షరంగా ఉంటుంది. కాని కథ ఆగకుండా నడవాలంటే జతలు జతలుగా సాగే రూపం కావాలని రెండు భాషల కవులు వేరు వేరుగా తెలుసుకున్నారు. ఇంట్లో షేరు బహర్‌ను తక్తీ చేసి చూసే తాతగారున్న పిల్లవాడు బడిలో గణవిభజనకు భయపడవలసిన పనేమున్నది? రెండూ ఒకే రకమైన పని.

ఈ ద్విపదలో సోమనాథుడు ఏడు ఆశ్వాసాల బసవపురాణాన్ని రచించాడు. ఆశ్వాసమంటే కావ్యంలోని ఒక పెద్ద భాగం. చదివేవాడు, వినేవాడు ఊపిరి పీల్చుకునే చోటు అన్నమాట. పురాణమంటే సాధారణంగా దేవతల కథ, రాజవంశాల కథ. సోమనాథుడు ఆ పేరును తీసుకొని తనకు కొద్ది కాలం ముందే జీవించిన ఒక మనిషికి, అతని చుట్టూ ఉన్న సామాన్యులకు పెట్టాడు. కావ్యరూపం పేరు పాతది, అందులో కూర్చున్న మనుషులు కొత్తవారు. భక్తుల బట్టలుతికే మడివాలు మాచయ్య అందులో ఉన్నాడు. తండ్రి ఊరికి పోతూ అప్పగించిన పనిగా గుడికి పాలు తీసుకుపోయి, దేవుడు నిజంగా తాగకపోతే వెక్కి వెక్కి ఏడ్చిన గొడగూచి అనే పసిపిల్ల ఉన్నది. శివునికి తల్లి లేదు గదా, తల్లి ఉంటే ఇట్లా బూడిద పూసుకొని తిరగనిచ్చేదా అని బాధపడి, తానే తల్లియై ఆ దేవునికి తలంటి నీళ్లు పోసిన బెజ్జమహాదేవి ఉన్నది. ఈ కథలు వినేవారికి నిఘంటువు అక్కర లేదు. బిడ్డకు స్నానం చేయించిన ప్రతి తల్లికీ బెజ్జమహాదేవి తెలుసు.

అయితే ఈ ఎన్నిక విమర్శ లేకుండా సాగలేదు. 16వ శతాబ్దిలో పిడుపర్తి సోమనాథుడనే కవి చెప్పిన కథ ఒకటున్నది. ఒకనాడు ఓరుగంటి స్వయంభూదేవుని గుడిలో భక్తులు గుంపుగా చేరి బసవపురాణం వింటుండగా ప్రతాపరుద్ర మహారాజు అక్కడికి వచ్చాడట. ఏమి చదువుతున్నారని ఆయన అడిగితే, పక్కనున్న ఒకడు అది పాల్కురికి సోముడు ఈ మధ్య వడులు ఇష్టం వచ్చినట్లు పెట్టి అల్లిన ద్విపద అని, ప్రమాణం కాదని తీసిపారేశాడట. రాజు ఆ మాట నమ్మి వెళ్లిపోయాడట. ఇది జరిగిందో లేదో గాని, ఆ కథ వెనుకనున్న మనస్తత్వం మాత్రం నిజమైనది. సోమనాథుడు యతిప్రాసలలో కొన్ని స్వాతంత్ర్యాలు తీసుకుంటానని తానే ముందుగా చెప్పుకున్న కవి. నియమం తెలియక తప్పినవాడు కాడు, వినేవారి కోసం సడలించినవాడు. గుడి నిండా జనం కూర్చొని వింటుంటే, ఒక్కడు మాత్రం వడి తప్పిందని లెక్క పెడుతున్నాడు. ఈ రెండింటిలో కవిత్వానికి ఏది ప్రమాణమో విద్యార్థులే ఆలోచించుకోవాలి.

ద్విపదకే కట్టుబడినవాడైతే సోమనాథుడు ఒక్క రూపానికే గురువయ్యేవాడు. చెప్పవలసిన విషయం మారినప్పుడల్లా ఆయన రూపాన్ని మార్చాడు. కథ చెప్పడానికి ద్విపద సరిపోయింది. కాని బసవేశ్వరునితో ఒంటరిగా మాట్లాడుకోవాలని, మొర పెట్టుకోవాలని అనిపించినప్పుడు శతకాన్ని ఎన్నుకున్నాడు. అదే వృషాధిప శతకము. శతకమంటే నూరు పద్యాలు, సాధారణంగా నూట ఎనిమిది ఉంటాయి. ప్రతి పద్యం చివర ఒకే సంబోధన తిరిగి తిరిగి వస్తుంది. దానికి మకుటమని పేరు. మకుటమంటే కిరీటమే గాని, ఈ కిరీటం తలపై గాక పద్యం చివర ఉంటుంది. శతకంలోని ఏ పద్యానికాపద్యమే సంపూర్ణం. ముందు పద్యం చదవకపోయినా తరువాతి పద్యం అర్థమవుతుంది. అట్లా విడిగా నిలబడగల పద్యాన్ని ముక్తకమంటారు. సంఖ్య, మకుటము, ముక్తకత్వము అనే లక్షణాలన్నీ సంపూర్ణంగా కుదిరిన తొలి తెలుగు శతకం వృషాధిప శతకమేనని సాహిత్య చరిత్రకారులు చెబుతారు. సోమనాథునికి ముందు మల్లికార్జున పండితారాధ్యుడు కందపద్యాలలో శివతత్త్వసారం రాశాడు గాని, అందులో అన్ని పద్యాలకు ఒకే మకుటం లేదు.

గజల్‌లో ప్రతి షేరు దానికదే నిలబడుతుందని, షేరు చివర రదీఫ్ తిరిగి వస్తుందని ఉర్దూ విద్యార్థులకు తెలుసు. ముక్తకము, మకుటము అనే మాటలు వారికి ఈ పోలికతో వెంటనే పట్టుబడతాయి. అయితే ఒక పొరపాటు చేయరాదు. మకుటాన్ని తఖల్లుస్ అనుకుంటారు కొందరు. తఖల్లుస్ కవి పేరు, గజల్ చివరి షేరులో వస్తుంది. మకుటం సాధారణంగా ఎవరిని ఉద్దేశించి చెబుతున్నాడో వారి పిలుపు, ప్రతి పద్యంలోను వస్తుంది.

ఈ శతకంలో మరొక విశేషమున్నది. ఇందులో తెలుగు పద్యాలతో పాటు సంస్కృతము, తమిళము, కన్నడము, మరాఠీ మాటలతో నడిచే పద్యాలున్నవి. రెండు భాషలను మణులు, పగడాలు కలిపి గుచ్చినట్లు గుచ్చడాన్ని మణిప్రవాళ శైలి అంటారు. ఉర్దూ కవిత్వానికి తొలినాళ్ల పేరైన రేఖ్తా అనే మాటలోను ఇట్లాంటి కలయిక అనే అర్థమే ఉన్నది. రెండు భాషలు ఒక చోట ఉంటే ఒకటి రెండవదానిని పాడుచేస్తుందని భయపడేవారు ఈ శతకాన్ని ఒకసారి చూడాలని మా కోరిక.

పైన కందమన్నాము గనుక ఒక్క మాట. కందము చిన్న పద్యం. నాలుగు మాత్రల గణాలతో మొదటి, మూడవ పాదాలలో మూడేసి, రెండవ, నాలుగవ పాదాలలో అయిదేసి గణాలతో నడుస్తుంది. ఈ పద్యానికి మన కరీంనగర్ జిల్లాతో దగ్గరి చుట్టరికమున్నది. గంగాధర దగ్గరి కురిక్యాలలో బొమ్మలగుట్ట మీద 10వ శతాబ్దిలో జినవల్లభుడు వేయించిన శాసనంలో సంస్కృత, కన్నడాలతో పాటు మూడు తెలుగు కందపద్యాలున్నవి. నన్నయ కంటె ముందే మన గుట్టపైన కందం చెక్కబడింది. పద్యం ఎక్కడో గోదావరి ఒడ్డున మాత్రమే పుట్టిందనుకునేవారు ఈ గుట్ట ఎక్కి రావాలి.

సీసము కందానికి పూర్తిగా భిన్నమైనది. నాలుగు దీర్ఘపాదాలు. ఒక్కొక్క పాదంలో ఆరు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. ఆ పైన ఆటవెలది గాని తేటగీతి గాని తప్పక రావాలి. ఒక విషయాన్ని నాలుగు వైపుల నుండి వివరించి చివర ముడి వేయడానికి ఇది అనువైనది. అందుకే వేదశాస్త్రాల ప్రమాణాలు చూపి తన మతాన్ని సమర్థించవలసి వచ్చినప్పుడు సోమనాథుడు చతుర్వేదసారాన్ని సీసాలలో రాశాడు. చెన్నమల్లు సీసములు కూడ ఆయనవే. మన ఉమ్మడి కరీంనగర్ జిల్లాలోనే గోదావరి తీరాన ధర్మపురిలో వెలసిన నరసింహస్వామిపై శేషప్ప కవి చెప్పిన నరసింహ శతకం కూడ సీసాలలోనిదే. అది తెలుగు ఊళ్లలో ఎందరి నోటనో నిలిచింది.

భజనలో తాళం వేసుకుంటూ పాడవలసి వచ్చినప్పుడు ఆయన రగడను పట్టుకున్నాడు. రగడకు మాత్రాగణాలు, తాళపు నడక ముఖ్యం. పాదాల చివర ఒకే ధ్వని రావడం, అనగా అంత్యప్రాస, దానికి అందం. కాఫియా తెలిసిన చెవికి ఇది పరాయి ధ్వని కాదు. లాక్షణికులు రగడలకు పెట్టిన పేర్లు చూడండి. హయప్రచారము, తురగవల్గనము, ద్విరదగతి, హరిణగతి, వృషభగతి. గుర్రపు నడక, దాని దూకుడు, ఏనుగు నడక, లేడి నడక, ఎద్దు నడక. ఛందస్సు అంటే నడక అని ఇంతకంటె స్పష్టంగా ఎవరు చెప్పగలరు? బసవ రగడ, గంగోత్పత్తి రగడ, సద్గురు రగడ సోమనాథుని రచనలు.

విద్యార్థులు ఎక్కువగా భయపడే మాట ఉదాహరణము. దృష్టాంతమనే అర్థంలో మనం రోజూ వాడే మాట ఇది. సాహిత్యంలో మాత్రం ఇది ఒక ప్రత్యేక కావ్యరూపం. ప్రథమా విభక్తి మొదలు సంబోధన వరకు ఎనిమిది విభక్తులను వరుసగా తీసుకొని, ఒక్కొక్క విభక్తిలో స్తుతి చెబుతారు. ప్రతి విభక్తికి ఒక పద్యం, దాని వెంట రగడ నడకలో కళిక, దానిలో సగముండే ఉత్కళిక వస్తాయి. చివర విభక్తులన్నీ కలిసి వచ్చే పద్యం ఉంటుంది. వ్యాకరణంలో పొడిగా కనిపించే విభక్తి ప్రత్యయాలను పాటగా మార్చిన రూపమిది. తెలుగులో ఉదాహరణ కావ్యాలకు బసవోదాహరణము, పండితారాధ్యోదాహరణము రచించిన సోమనాథుడే ఆద్యుడని పండితులు భావిస్తారు. మేము విభక్తులు చెప్పే రోజున ఈ సంగతి చెబితే తరగతిలో నిద్రపోయేవారి సంఖ్య కొంత తగ్గుతుందని మా అనుభవం.

ఆయన మరొక పెద్ద గ్రంథం పండితారాధ్య చరిత్రము. శివతత్త్వసారం రాసిన మల్లికార్జున పండితారాధ్యుని జీవితమే దీనికి వస్తువు. చరిత్రమంటే ఇక్కడ ఒక మహనీయుని జీవితగాథ. దీక్ష, పురాతన, వాద, మహిమ, పర్వత అనే అయిదు ప్రకరణాలుగా ఇది కూడ ద్విపదలోనే సాగింది. చివరిదైన పర్వత ప్రకరణంలో శివరాత్రికి శ్రీశైలం పోయే యాత్రికుల వర్ణన ఉన్నది. వారు పాడిన పాటలను కవి పేరుపేరునా చెప్పాడు. తుమ్మెద పదాలు, శంకర పదాలు, నివాళి పదాలు, వెన్నెల పదాలు, గొబ్బి పదాలు. వాయిద్యాలు, ఆటలు, వేషాలు, తోలుబొమ్మలాటలు కూడ ఆయన దృష్టిని తప్పించుకోలేదు. ఆనాటి జనం పాటలకు ఇదొక పెద్ద జాబితా. పండితులు పుస్తకంలోకి రానివ్వని పాటలకు ఆయన పేర్లు రాసి పెట్టినందుననే అవి అప్పటికే ఉన్నవని మనకు తెలుస్తున్నది.

ఆ జాబితా చదివినప్పుడల్లా మాకు మన ఊళ్లు గుర్తుకు వస్తాయి. బతుకమ్మ చుట్టూ తిరుగుతూ స్త్రీలు పాడే పాట ఒక రూపం. మొహర్రం నాడు పీర్ల ముందు గుండం చుట్టూ హిందువులు, ముస్లిములు కలిసి అడుగులు వేస్తూ తెలుగులో పాడే కర్బలా పాట మరొక రూపం. ఉర్దూలో మర్సియాకు గల గౌరవం ఆ తెలుగు పాటకు ఎవరూ ఇవ్వలేదు. సోమనాథుడు ఆ రాత్రి ఆ గుండం దగ్గర నిలబడి ఉంటే ఆ పాట పేరు కూడ తన జాబితాలో తప్పక రాసుకొని ఉండేవాడని మేము నమ్ముతాము.

ఒక విషయం దాచకుండా చెప్పాలి. సోమనాథుడు వీరశైవుడు. తన మతంపై ఆయనకున్న పట్టుదల కొన్ని చోట్ల కటువుగా మారింది. జైనులను, వైదికులను గురించి ఆయన రాసిన కొన్ని ఘట్టాలు నేడు చదివితే మనసుకు బాధ కలుగుతుంది. కులభేదం కాదన్న కవియే మతభేదం దగ్గర కఠినుడైనాడు. మహనీయులను చదవడమంటే వారి తప్పులకు కూడ తలవంచడం కాదు. ఆ ఘట్టాలను పక్కనబెట్టి, సామాన్యుని ముందు పండితుడు దించిన ఆ పల్లకినే మనం తీసుకోవాలి.

సోమనాథుడు కన్నడ దేశానికి వెళ్లి కలికెము అనే చోట లింగైక్యం చెందాడని సంప్రదాయం చెబుతుంది. కవి పోయినా కావ్యం ఆగలేదు. 1369లో భీమకవి బసవపురాణాన్ని కన్నడంలోకి మార్చాడు. అక్కడి జనానికి అలవాటైన ఆరు పాదాల షట్పది ఛందస్సులో రాశాడు. రూపం మారింది, వినేవారిని బట్టి రూపాన్ని ఎన్నుకునే సోమనాథుని సూత్రం మారలేదు. తెలుగులో మాత్రం దీనికి విరుద్ధంగా జరిగింది. పైన చెప్పిన పిడుపర్తి సోమనాథుడు అదే కథను పద్యకావ్యంగా తిరిగి రాశాడు. ద్విపదగా ఉన్నంత కాలం పండితులు గౌరవించరని కాబోలు! అయినా ద్విపద చావలేదు. గోన బుద్ధారెడ్డి రంగనాథ రామాయణము, గౌరన హరిశ్చంద్రోపాఖ్యానము, తాళ్లపాక తిమ్మక్క మంజరీ ద్విపదలో చెప్పిన సుభద్రా కల్యాణము ఆ దారిలో వచ్చినవే. తెలుగులో తొలి కవయిత్రిగా పేరొందిన ఇల్లాలికి చేతికందిన రూపం కూడ ద్విపదయే కావడం మేము యాదృచ్ఛికమని అనుకోము.

ఆధునిక కాలంలో వేటూరి ప్రభాకరశాస్త్రిగారు 1926లో బసవపురాణాన్ని విపులమైన పీఠికతో పరిష్కరించి ప్రకటించారు. చిలుకూరి నారాయణరావుగారు 1939లో పండితారాధ్య చరిత్రను పరిష్కరించారు. 1990లో వెల్చేరు నారాయణరావుగారు, జీన్ రోఘేర్ గారు కలిసి చేసిన బసవపురాణం ఆంగ్లానువాదం అమెరికాలో అచ్చయింది. ఓరుగంటి గుడిలో ప్రమాణం కాదని తీసిపారేయబడిన ద్విపద ఏడెనిమిది వందల ఏండ్లకు సముద్రాలు దాటింది.

విద్యార్థులారా! ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాము. ఇవన్నీ నేర్చుకొని ఏమి చేయాలి? కావ్యరూపం పేరు విన్నప్పుడల్లా రెండు సంగతులు అడగండి. ఇది ఎవరికి వినిపించడానికి పుట్టింది? ఈ పని మరొక రూపంతో ఎందుకు కాలేదు? ద్విపద, శతకము, సీసము, రగడ, ఉదాహరణము, అన్నీ మీకు ఆ ప్రశ్నలతో తెరుచుకుంటాయి. గణాలు ఆ తరువాత వాటంతట అవే వస్తాయి. మస్నవీ తెలిసినవాడు ద్విపద నేర్చుకుంటే ఒక భాషను విడిచి మరొక భాషకు పోయినట్లు కాదు, తన ఇంటికి రెండవ తలుపు తెరిచినట్లు.

కళాశాల కమిటీ పెద్దలకు కూడ మాది ఒక విన్నపం. మన గ్రంథాలయంలో ఉర్దూ దీవానులున్న బీరువా పక్కనే బసవపురాణము, పండితారాధ్య చరిత్రము ఉంచాలని, సంవత్సరానికి ఒక సాయంత్రం ఉర్దూ, తెలుగు విద్యార్థులు ఒకే వేదికపై ఒకరు మస్నవీ, మరొకరు ద్విపద వినిపించే ఏర్పాటు చేయాలని కోరుతున్నాము. ఆ సాయంత్రం వెనుక వరుసలో తలవంచుకొని కూర్చున్న పిల్లవాడు లేచి నిలబడి రెండు పాదాలు చదివితే, ఉచ్చారణలో ఎక్కడైనా తడబడినా ఎవరూ నవ్వరాదు. అక్షరం రానివారి కోసం ద్విపదను ఎత్తుకున్న కవి మన పొరుగువాడు. ఆయన పేరు చెప్పుకునే చోట ఆ మాత్రం మర్యాద ఉండాలి.